తన జట్టుతోనే పోటీపడిన నాయకుడు

ఆరేళ్ల క్రితం, ఒక మంగళవారం మధ్యాహ్నం జరిగిన రివ్యూలో, మా జట్టులో చేరి ఏడాది కూడా నిండని ఒక అమ్మాయి ఒక ప్రతిపాదన తెచ్చింది. మేము హైదరాబాదులో చిప్ డిజైన్ చేసేవాళ్లం. అప్పుడు మా చేతిలో ఉన్నది ఒక మెమరీ కంట్రోలర్, అంటే మెమరీకి వచ్చిపోయే సమాచారాన్ని నడిపించే భాగం. దానిలోకి వచ్చే అభ్యర్థనలు వరుసగా నిలబడడానికి రెండు వేరువేరు క్యూలు ఉండేవి. ఆ రెండింటినీ ఒకటిగా కలిపి, ఏది ముందు వెళ్లాలో తేల్చే ఆర్బిటర్‌ను కొద్దిగా మారిస్తే చిప్ మీద చోటూ, కరెంటూ రెండూ ఆదా అవుతాయని ఆమె వాదన. బోర్డు మీద ఆమె గీసిన బొమ్మలో ఒక లోపం ఉంది: ఒకానొక పరిస్థితిలో రెండు అభ్యర్థనలు ఒకదాని కోసం మరొకటి ఎదురుచూస్తూ అక్కడే ఆగిపోతాయి. అది నాకు పది నిమిషాల్లో కనబడింది. దాన్ని సరిచేసే దారి కూడా ఇంటికి వెళుతూ గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు తట్టింది. ఆ రాత్రి రెండు గంటల దాకా కూర్చుని, కోడ్ మొత్తం నేనే రాసి, చిన్నచిన్న పరీక్షలు కూడా నడిపి, పొద్దున్నే జట్టు అందరికీ మెయిల్ పంపాను. మూల ఆలోచన ఆమెదేనని మొదటి వాక్యంలోనే రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మార్పు చిప్‌లోకి వెళ్లింది, టేపవుట్, అంటే డిజైన్‌ను తయారీకి పంపడం, అనుకున్న తేదీకే అయింది, నేను మంచి పని చేశాననే అనుకున్నాను.

తర్వాత రెండేళ్ల పాటు ఆమె రివ్యూలలో కొత్త ప్రతిపాదన ఒక్కటీ పెట్టలేదు. పని ఇస్తే చక్కగా చేసేది. మిగిలినవాళ్లు కూడా మెల్లగా అదే తీరుకు వచ్చారు. నా దగ్గరికి సమస్యలు తెచ్చేవారే తప్ప ఆలోచనలు తెచ్చేవారు కాదు. "ఎలా చేద్దామంటారు సార్?" అన్న ప్రశ్నతో మొదలయ్యే సంభాషణలు పెరిగాయి. ఆ ప్రశ్న అప్పట్లో నాకు గౌరవంగా వినిపించింది. ఆమె ఉద్యోగం మానేసి వెళ్లేటప్పుడు జట్టంతా కలిసి భోజనానికి వెళ్లాం. అక్కడ ఏ నిష్ఠూరమూ లేకుండా, నవ్వుతూనే అంది: "మీరు రాత్రికి రాత్రే రాసేస్తారు కదా సార్, మేము పగలంతా ఆలోచించడం ఎందుకులే అనిపించేది."

ఆ మాట మనసులో గుచ్చుకుని ఉన్న రోజుల్లోనే, ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతివాడికీ ఒక సమీకరణం పేరుగా మాత్రమే తెలిసిన అమెరికా భౌతికశాస్త్రవేత్త విలియం షాక్లీ జీవితాన్ని తీరిగ్గా చదవడం తటస్థించింది. కొత్తదనం పుట్టవలసిన జట్టుకు నాయకత్వం వహించడం గురించి నేను ఎన్నో శిక్షణ తరగతుల్లో కూర్చున్నాను. వాటన్నిటిలోనూ నేర్చుకోనిది ఆ ఒక్క మనిషి కథలో దొరికింది. నాయకుడికి తెలివి లేకపోవడం వల్ల జట్టులో కొత్త ఆలోచనలు చావడం అరుదు. నాయకుడు తెలివైనవాడై, ఆ తెలివిని తన జట్టుతో పోటీకి వాడినప్పుడే అవి ఎక్కువగా చస్తాయి. ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఇదే.

షాక్లీ కథలో ముందుగా చెప్పవలసిన పేరు మర్విన్ కెల్లీది. అమెరికా టెలిఫోన్ వ్యవస్థకు పరిశోధనాలయమైన బెల్ ల్యాబ్స్‌లో ఆయన 1936లో పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు. అంతకుముందు ఏళ్ల తరబడి, సంకేతాలను పెద్దవి చేసే వాక్యూమ్ ట్యూబుల తయారీని చూసిన మనిషి. అవి ఎంత కరెంటు తాగుతాయో, ఎంత వేడెక్కుతాయో, ఎంత తొందరగా మాడిపోతాయో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఫోన్ కాల్‌ను ఒక తీగ నుంచి మరో తీగకు కలిపే యాంత్రికమైన రిలేల స్థానంలోనూ, ఈ ట్యూబుల స్థానంలోనూ కదిలే భాగాలు లేని ఒక ఘనపదార్థ పరికరం రావాలని ఆయన కోరిక. అదే ఏడాది ఎంఐటీలో డాక్టరేట్ పూర్తిచేసుకుని చేరిన షాక్లీకి ఆ కోరికను వివరంగా చెప్పాడు. ఎలా చేయాలో మాత్రం చెప్పలేదు.

యుద్ధం ముగిసే సమయానికి, 1945లో, కెల్లీ ఒక ఘనస్థితి భౌతికశాస్త్ర బృందాన్ని ఏర్పాటు చేశాడు. షాక్లీతో పాటు రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ మోర్గన్‌కు దాని నాయకత్వం అప్పగించాడు. అందులోకి ఎవరెవరు వచ్చారో చూస్తే సగం విషయం అర్థమవుతుంది. జాన్ బార్డీన్ సిద్ధాంతకర్త, మాట తక్కువ. వాల్టర్ బ్రాటెన్ చేతితో ప్రయోగాలు చేసే మనిషి, మాటకారి. జెరాల్డ్ పియర్సన్ మరో ప్రయోగకారుడు. రాబర్ట్ గిబ్నీ రసాయన శాస్త్రవేత్త, హిల్బర్ట్ మూర్ సర్క్యూట్ల ఇంజినీరు. న్యూజెర్సీలోని మర్రే హిల్‌లో అప్పుడు గదులు చాలక, బార్డీన్‌కు విడిగా గది ఇవ్వలేక, బ్రాటెన్, పియర్సన్‌లు ఉన్న గదిలోనే బల్ల వేశారు. సిద్ధాంతం రాసేవాడూ ప్రయోగం చేసేవాడూ ఒకే గదిలో కూర్చోవడం ఏ గొప్ప ప్రణాళికలో భాగమూ కాదు, స్థలాభావం. కానీ ఆ తర్వాత జరిగినదానికి ఆ ఇరుకుగది కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

ఇక్కడ షాక్లీకి న్యాయంగా దక్కవలసిన ప్రశంస ఒకటుంది. బృందం ఏర్పడక ముందే అతనికి ఒక ఆలోచన ఉంది: సిలికాన్, జెర్మేనియంలాంటి అర్ధవాహకపు పలుచని పొరకు దగ్గరగా విద్యుత్ క్షేత్రాన్ని పెడితే ఆ పొరలో ప్రవాహాన్ని నియంత్రించవచ్చని. 1945లో చేసిన ప్రయోగాలలో, లెక్క ప్రకారం రావలసిన ఫలితం రాలేదు. షాక్లీ తన లెక్కను తెచ్చి, కొత్తగా చేరిన బార్డీన్ ముందు పెట్టి, తప్పెక్కడుందో చూడమన్నాడు. లెక్కలో తప్పు లేదని, పదార్థపు ఉపరితలం మీద చిక్కుకుపోయే ఎలక్ట్రాన్లు బయటి క్షేత్రాన్ని లోపలికి చేరనివ్వడం లేదని బార్డీన్ 1946లో తేల్చాడు. ఒక అధికారి తన ప్రియమైన ఆలోచన పనిచేయకపోతే ఏం చేస్తాడో మనందరికీ తెలుసు: ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించమంటాడు. ఆ బృందం అలా చేయలేదు. పరికరం చేయడం కొంతకాలం పక్కనబెట్టి, ఉపరితలాల స్వభావాన్ని తెలుసుకునే పనిలో పడింది. షాక్లీ ఆ రోజుల్లో వేరే సమస్యల మీద, తరచుగా ఇంట్లోనే, పనిచేసుకుంటూ వాళ్ల జోలికి పెద్దగా వెళ్లలేదు. అతను జట్టుతో పోటీలో లేని ఆ రెండేళ్లే ఆ జట్టుకు స్వర్ణయుగం.

1947 నవంబరులో బ్రాటెన్ తన ప్రయోగాన్ని ద్రవాలలో ముంచి చూశాడు. గిబ్నీ ఆ ద్రవానికీ సిలికాన్‌కూ మధ్య వోల్టేజి పెట్టి చూడమన్నాడు. ఉపరితలపు అడ్డు తొలగింది. అక్కడినుంచి నెల తిరక్కుండానే, డిసెంబరు 16న, ఒక చిన్న ప్లాస్టిక్ త్రికోణానికి బంగారు రేకు అతికించి, దాని కొసన బ్లేడుతో సన్నగా చీల్చి, ఆ రెండు అంచులనూ జెర్మేనియం ముక్క మీద స్ప్రింగుతో నొక్కిపెట్టి, బార్డీన్, బ్రాటెన్‌లు సంకేతాన్ని పెద్దది చేసి చూపించారు. మొదటి ట్రాన్సిస్టర్ అదే. డిసెంబరు 23న పై అధికారులకు ప్రదర్శించారు.

ఒక నాయకుడికి ఇంతకన్నా కావలసినదేముంది? తాను ఎంచిన సమస్య, తన జట్టు మనుషులు, తాను కల్పించిన వాతావరణం. కానీ తన ఆనందంలో ఒక వెలితి ఉండిందని, ఆ ఆవిష్కర్తలలో తానొకడిని కాకపోవడం బాధించిందని షాక్లీ తర్వాత స్వయంగా రాశాడు. పేటెంటును తన పాత క్షేత్రపు ఆలోచన మీదుగా తన పేర రాయించుకోవచ్చని చూశాడు. అటువంటి ఆలోచనకు జూలియస్ లిలియన్‌ఫెల్డ్ చాలా ఏళ్ల ముందే పేటెంటు తీసుకున్నాడని లాయర్లు కనుక్కోవడంతో అది కుదరలేదు. ఆ ఏడాది చివరి రాత్రి, లోకమంతా నూతన సంవత్సరం చేసుకుంటుండగా, షికాగోలో ఒక హోటల్ గదిలో ఒంటరిగా కూర్చుని తన జట్టు చేసినదానికన్నా మెరుగైన ట్రాన్సిస్టర్ కోసం కాగితాల మీద కాగితాలు నింపాడు. జనవరి 23 నాటికి జంక్షన్ ట్రాన్సిస్టర్ ఊహ పూర్తయింది: పైన నొక్కిపెట్టిన లోహపు అంచులకు బదులు, అర్ధవాహకపు పొరలు కలిసే చోట్లే పనిచేసే పరికరం. ఆ ఊహను తన జట్టుకు చెప్పలేదు. ఫిబ్రవరిలో జాన్ షైవ్ అనే సహోద్యోగి ఒక సమావేశంలో తన ప్రయోగ ఫలితాన్ని వివరిస్తున్నప్పుడు, ఈ లెక్కన వేరేవాళ్లు తన ఆలోచనకు చేరుకుంటారేమోనన్న భయంతో గబగబా లేచి అప్పుడు బయటపెట్టాడు. ఆ తర్వాత పత్రికలకిచ్చిన ఫొటోలో బ్రాటెన్ పరికరం ముందు, బ్రాటెన్ కుర్చీలో షాక్లీ కూర్చుని ఉంటాడు. దాన్ని చేసిన ఇద్దరూ వెనక నిలబడి ఉంటారు. బ్రాటెన్‌కు ఆ ఫొటో అంటే జీవితాంతం మంట.

గచ్చిబౌలి ట్రాఫిక్‌లో నాకు తట్టిన ఆలోచనకూ షికాగో హోటల్ గదికీ పోలిక పెట్టడం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం. అయినా ఆ రాత్రి నన్ను రెండు గంటల దాకా మేల్కొలిపి ఉంచినది ఆ అమ్మాయి ఆలోచనను బతికించాలన్న తపన ఒక్కటే కాదని, అది నాకు ముందు తట్టలేదేమన్న చురుకు కూడా అందులో ఉందని ఇప్పుడు ఒప్పుకోగలను.

ఇక్కడ నా వాదనకు గట్టి అడ్డు ఒకటి వస్తుంది. షాక్లీ ఈర్ష్యతో చేసినా, చేసినది గొప్ప పని. బార్డీన్, బ్రాటెన్‌ల పరికరం పెళుసైనది, ఒకదానిలా మరొకటి ఉండేది కాదు. పరిశ్రమకు ఎక్కువగా పనికొచ్చింది జంక్షన్ ట్రాన్సిస్టరే. 1956 నోబెల్ ముగ్గురికీ కలిపి ఇవ్వడంలో అన్యాయమేమీ లేదు. అలాంటప్పుడు నాయకుడు పోటీపడితే తప్పేమిటి? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయలేను. పోటీ ఒక ఆవిష్కరణను ఇచ్చింది. కానీ ఒక జట్టును దాని తర్వాతి ఆవిష్కరణలతో కూడా కొలవాలి. బార్డీన్ ఆ ఇరుకుగదిలో ఉండి ఇంకా ఏం చేసి ఉండేవాడో ఆ బృందం తెలుసుకోలేకపోయింది. ట్రాన్సిస్టర్ పుట్టిన తర్వాత షాక్లీ బృందాన్ని ఎక్కువగా తన సొంత ఆలోచనలకే వాడుకుంటున్నాడని కెల్లీకి రాసి, 1951లో బార్డీన్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. బ్రాటెన్ షాక్లీ కింద పనిచేయనని చెప్పి మరో బృందానికి మారాడు.

అదే బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన గోర్డన్ టీల్ కథ ఇంకా చిత్రమైనది. ట్రాన్సిస్టర్ నిలకడగా పనిచేయాలంటే జెర్మేనియం ఒకే స్ఫటికంగా పెరగాలని టీల్ పట్టుదల. అవసరం లేదు, ఇప్పుడున్న ముక్కలు చాలునని షాక్లీ. టీల్ మరొకరి సాయంతో స్ఫటికాన్ని పైకి లాగే యంత్రాన్ని తయారుచేసుకున్నాడు. దానికంటూ ఒక చోటు లేదు గనుక చక్రాలు బిగించి, రాత్రిపూట ప్రయోగశాలలోకి తోసుకొచ్చి పని చేసుకుని, తెల్లవారేలోగా పక్కకు తోసేసేవాడు. జాక్ మార్టన్ అనే మరో విభాగపు అధికారి కొద్దిపాటి డబ్బు సర్దాడు. షాక్లీ ఊహలోని జంక్షన్ ట్రాన్సిస్టర్ 1951లో లోకానికి నిజంగా చూపించగలిగినది టీల్ పెంచిన స్ఫటికాల వల్లనే. అంటే నాయకుడి గొప్ప ఆలోచన నిలబడినది, నాయకుడు వద్దన్న ఆలోచన మీద. ఆ తర్వాత టీల్ కూడా టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు వెళ్లిపోయి, 1954లో సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను అక్కడినుంచి ప్రకటించాడు. ఆ చక్రాల యంత్రం నా కళ్లముందు తరచుగా కదులుతూ ఉంటుంది. ప్రతి ఆఫీసులోనూ ఎవరో ఒకరు తమ ఆలోచనకు చక్రాలు బిగించుకుని రాత్రిపూట తోసుకు తిరుగుతూనే ఉంటారు. వాళ్ల మేనేజరుకే తెలియదు.

బెల్ ల్యాబ్స్‌లో ఇదంతా కొంత సర్దుకుంది, ఎందుకంటే అక్కడ షాక్లీ మీద కెల్లీలాంటివాళ్లు ఉన్నారు, పక్కన మార్టన్‌లాంటివాళ్లు ఉన్నారు, బ్రాటెన్ మారడానికి మరో బృందం ఉంది. పై అధికారి దారి చూపాలే గాని కిందివాళ్లతో పోటీపడకూడదన్నది అక్కడ రాయని నియమం కూడా. షాక్లీ ఆ నియమాన్ని దాటాడు కాబట్టే అక్కడ పైకి ఎదగలేకపోయాడు. అతను ఏ అడ్డూ లేని నాయకుడైతే ఏమవుతుందో చూడాలంటే కాలిఫోర్నియాకు వెళ్లాలి. ఆర్నాల్డ్ బెక్‌మన్ పెట్టుబడితో 1956లో మౌంటెన్ వ్యూలో షాక్లీ సెమికండక్టర్ లేబొరేటరీ మొదలైంది. మనుషులను ఎంచడంలో అతని చూపు అద్భుతమైనది: రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్, జీన్ హోర్నీ, జే లాస్ట్, ఇంకా అటువంటి యువకులు. చేరేముందు వాళ్లకు మానసిక పరీక్షలు కూడా పెట్టించాడు. నోయిసూ తానూ తెలివైనవాళ్లమే కాని మంచి మేనేజర్లం కాలేమని ఆ పరీక్షల్లో తేలిందని మూర్ తర్వాత నవ్వుతూ చెప్పేవాడు. వాళ్లిద్దరూ 1968లో ఇంటెల్‌ను స్థాపించారు.

1956 ఆగస్టులో నోయిస్ తన నోట్‌బుక్కులో ఒక విచిత్రమైన డయోడు (మామూలుగా కరెంటును ఒకవైపే పోనిచ్చే పరికరం) గురించి రాసుకున్నాడు: వోల్టేజి పెంచుతుంటే ఒక దశలో ప్రవాహం పెరగడానికి బదులు తగ్గే డయోడు. తీసుకెళ్లి షాక్లీకి చూపించాడు. షాక్లీకి ఆసక్తి కలగలేదు. నోయిస్ ఆ పేజీ తిప్పేశాడు. కొద్దికాలానికే జపానులో లియో ఎసాకీ ఆ పరికరాన్ని చేసి చూపించాడు. 1973లో నోబెల్ పొందాడు. ఈ సంఘటనలో అరుపులు లేవు, అవమానం లేదు, ఫైలు చించివేయడం లేదు. ఒక పెద్దమనిషి ఒక నోట్‌బుక్కు చూసి ఊరుకున్నాడు, అంతే. కొత్త ఆలోచనలను చంపడానికి సాధారణంగా అంతకన్నా పెద్ద ఆయుధం అక్కరలేదు.

అరుపులు వేరే సందర్భాల్లో ఉన్నాయి. ఒక ఉద్యోగిని చేతికి ఏదో గుచ్చుకుంటే, ఎవరో కుట్ర చేశారని అనుమానించి, నిజం పలికించే యంత్రంతో పరీక్ష చేయించబోయాడు. చివరికి అది తల విరిగిపోయిన డ్రాయింగు పిన్ను అని తేలింది. జట్టులోవాళ్లు తెచ్చిన ఫలితాలను, వాళ్ల ముందే, బెల్ ల్యాబ్స్‌లోని పాత స్నేహితులకు ఫోన్ చేసి సరిచూసుకునేవాడు. అందరూ సిలికాన్ ట్రాన్సిస్టర్ మీద దృష్టి పెడదామంటుంటే, తాను ఊహించిన నాలుగు పొరల డయోడు మీదికే మనుషులనూ డబ్బునూ మళ్లించాడు. వాళ్లు బెక్‌మన్ దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నారు. ఆయన కొంత తటపటాయించి చివరికి షాక్లీ పక్షానే నిలిచాడు. 1957 సెప్టెంబరు 18న ఎనిమిది మంది ఒకేసారి రాజీనామా చేసి ఫెయిర్‌చైల్డ్ సెమికండక్టర్‌ను పెట్టుకున్నారు. రెండేళ్లు తిరగకుండానే అక్కడ హోర్నీ ట్రాన్సిస్టర్‌ను చదునుగా తయారుచేసే ప్లేనార్ పద్ధతినీ, నోయిస్ దాని మీద సర్క్యూట్ మొత్తాన్నీ ఒకే ముక్క మీద పెట్టే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌నూ తెచ్చారు. అవే మెదళ్లు, దాదాపు అదే ఊరు. మారింది పైన కూర్చున్న మనిషి.

ఆ 1957లోనే, వాళ్లు వెళ్లిపోవడానికి కొన్ని నెలల ముందు, షాక్లీ ఒక వ్యాసం ప్రచురించాడు. పరిశోధనాలయాల్లో మనిషికీ మనిషికీ ఉత్పాదకత ఎందుకు అంత తేడాగా ఉంటుందన్నది అందులో విషయం. అతని వాదన తెలివైనది, నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఒక పరిశోధన పత్రం బయటికి రావాలంటే ఎనిమిది సామర్థ్యాలు కావాలంటాడు: మంచి సమస్యను ఎంచుకోవడం, దాని మీద పనిచేయడం, ఫలితం వచ్చినప్పుడు గుర్తుపట్టడం, ఎక్కడ ఆపాలో తెలియడం, చక్కగా రాయడం, విమర్శ నుంచి లాభపడడం, రాసినదాన్ని పత్రికకు పంపే పట్టుదల, అడిగిన మార్పులు చేసే ఓపిక. ఇవి ఒకదానితో ఒకటి కూడవు, గుణించుకుంటాయి. అందువల్ల ప్రతిదానిలోనూ ఒకడు మరొకడికన్నా సగం ఎక్కువగా ఉంటే చాలు, మొత్తం మీద పాతిక రెట్లు ఎక్కువ ఫలిస్తాడు.

లెక్క సరైనదే. కానీ ఆ ఎనిమిదింటినీ ఒక మనిషి ఒంట్లో పుట్టుకతో ఉన్న గుణాలుగా చూశాడు. వాటిలో మూడు నాలుగింటిని నాయకుడు రెండు వాక్యాలతో సున్నా చేయగలడన్నది ఆ సమీకరణంలో ఎక్కడా లేదు. సమస్యను తానే ఎంచి ఇచ్చే నాయకుడి కింద మొదటి సామర్థ్యం మొద్దుబారుతుంది. విమర్శ అంటే పరువు తీయడమని నేర్పే నాయకుడి కింద ఆరోది చస్తుంది. నోయిస్ నోట్‌బుక్కు విషయంలో జరిగినది, ఫలితాన్ని గుర్తుపట్టే శక్తికి తగిలిన దెబ్బ. గుణకారంలో ఒక అంకె సున్నా అయితే మిగిలిన ఏడూ ఎంత పెద్దవైనా ఒకటే. మా ఆఫీసుల్లో ఏటా అప్రైజల్ పేరుతో మనుషులను వరుసలో నిలబెట్టి, పైవాళ్లింతమంది, నడిమివాళ్లింతమంది, కిందివాళ్లింతమంది అని పంచేటప్పుడు నాకు ఈ వ్యాసమే గుర్తుకొస్తుంది. ఆ వరుసలో మేనేజరు వేసిన సున్నాలకు ఏ గడీ ఉండదు.

షాక్లీ చెడ్డవాడు, అందువల్ల అలా జరిగింది, మనం మంచివాళ్లం అనుకుంటే ఈ కథ వల్ల ఏ ఉపయోగమూ లేదు. కెల్లీ ఏమీ మెత్తని మనిషి కాదు. కోపిష్టి, తొందర మనిషి, కష్టమైన గడువులు పెట్టేవాడు. మన ఆఫీసుల్లో సృజనను ప్రోత్సహించడమంటే రంగురంగుల కుర్చీలు వేయడం, ఏడాదికోసారి హ్యాకథాన్ పెట్టి పిజ్జాలు తెప్పించడం, ఎవరేమన్నా "బాగుంది" అనడం అన్న భ్రమ ఒకటి స్థిరపడింది. ఆ తీరు మీద నాకు గౌరవం లేదు. హ్యాకథాన్‌లో గెలిచిన ఆలోచనకు సోమవారం నాడు చోటు లేకపోతే, ఆ పిజ్జా ఖర్చు దండగ. కెల్లీ ఏ సమస్య ముఖ్యమో కఠినంగా నిర్ణయించాడు. దాన్ని ఏ దారిలో సాధించాలన్నది మాత్రం వదిలేశాడు. అతను ట్రాన్సిస్టర్‌ను కనిపెట్టడానికి ప్రయత్నించలేదు, కనిపెట్టినవాళ్లతో పేరు పంచుకోవడానికీ ప్రయత్నించలేదు.

మన దగ్గర ఈ జబ్బు ఎక్కువగా కనబడడానికి ఒక కారణం మేనేజర్లను ఎంచే పద్ధతి. అందరికన్నా బాగా డిజైన్ చేసేవాడిని, అందరికన్నా కష్టమైన బగ్ పట్టుకున్నవాడిని తీసుకెళ్లి మేనేజరును చేస్తాం. పదిహేనేళ్లుగా "దీన్ని నేను పరిష్కరించాను" అన్న తృప్తి మీద బతికిన మనిషిని ఒక్కరోజులో ఆ తృప్తి మానేయమంటాం. మానలేడు. నేను మానలేకపోయాను. రెండో కారణం మన మాటతీరులో ఉంది. ఆఫీసు నియమం ప్రకారం అందరం ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకోవాలి. పరాయి రాష్ట్రాలవాళ్లు అలాగే పిలుస్తారు. తెలుగు పిల్లలు మాత్రం నన్ను "సార్" అంటారు, కొంత చనువు పెరిగితే "అన్నా" అంటారు. అన్నా అన్న పిలుపులోని ఆప్యాయత నాకు ఇష్టం. కానీ సారును ప్రశ్నించడం కన్నా అన్నను కాదనడం కష్టం. అన్న ఒకసారి తన అభిప్రాయం చెప్పాక, తమ్ముడు దానికి వ్యతిరేకంగా బోర్డు మీద బొమ్మ గీయడు. గీసినా, చివర "మీరన్నదే కరెక్టేమో" అని తుడిచేస్తాడు.

షాక్లీ కింద నలిగినవాడే మరో రకం నాయకుడు ఎలా ఉంటాడో కూడా చూపించాడు. ఇల్లినాయ్‌లో బార్డీన్ అతివాహకత్వం (బాగా చల్లబరిస్తే కొన్ని పదార్థాల్లో కరెంటు ఏ అడ్డూ లేకుండా ప్రవహించడం) అనే పాత చిక్కుముడి మీద పడ్డాడు. తోడుగా లియోన్ కూపర్ అనే యువ పరిశోధకుడు, రాబర్ట్ ష్రీఫర్ అనే విద్యార్థి. ముగ్గురి సిద్ధాంతం 1957లో, అంటే మౌంటెన్ వ్యూలో ఎనిమిది మంది మూటాముల్లె సర్దుకుంటున్న ఏడాదే, పూర్తయింది. ఆ మార్చిలో అమెరికా భౌతికశాస్త్ర సంఘం సమావేశంలో దాన్ని మొదటిసారి ప్రకటించే అవకాశం వచ్చినప్పుడు, పేరు కుర్రవాళ్లకు రావాలని బార్డీన్ తాను వెళ్లకుండా ఆగిపోయాడు. తనకు అప్పటికే ఒక నోబెల్ ఉంది కాబట్టి తన వల్ల ఆ ఇద్దరికీ రాకుండా పోతుందేమోనని కూడా కలత పడేవాడట. 1972లో ముగ్గురికీ వచ్చింది. భౌతికశాస్త్రంలో రెండు నోబెల్‌లు పొందిన మనిషి ఇప్పటికీ అతనొక్కడే. కుర్రవాళ్లకు పేరు వదిలేసినవాడికే రెండోసారి వచ్చిందన్నది కాకతాళీయమే కావచ్చు. నేను దాని మీద సిద్ధాంతం కట్టను. వెళ్లకుండా ఆగిపోవడం ఎంత కష్టమో మాత్రం ఇప్పుడు నాకు తెలుసు.

నా విషయానికి వస్తే, మార్పు గొప్పగా జరగలేదు. రివ్యూలలో చివరన మాట్లాడాలని నియమం పెట్టుకున్నాను. మొదటి నెలల్లో నా మౌనం చూసి జట్టు బెదిరిపోయింది. నాకేదో కోపం వచ్చిందనుకున్నారు. లోపం కనబడితే చెప్పడం మానకూడదని, దానికి పరిష్కారం చెప్పడం మాత్రం మానాలని తర్వాత అర్థమైంది. "ఇక్కడ ఈ రెండూ ఒకదానికోసం ఒకటి ఆగిపోతాయేమో చూశారా?" అని అడగడం నా పని. రాత్రికి రాత్రే కూర్చుని రాసేయడం నా పని కాదు. ఒకసారి ఈ నియమం వల్ల నష్టం కూడా జరిగింది. ఒక కుర్రవాడు తప్పుదారిలో మూడు వారాలు తిరిగాడు, నేను మొదటిరోజే ఆపి ఉండవలసింది. గడువు ముంచుకొచ్చినప్పుడు కలుగజేసుకోవడం వేరు, గొప్ప అనిపించుకోవడానికి కలుగజేసుకోవడం వేరు అని పైకి చెప్పడం సులభం. ఆ క్షణంలో రెండింటికీ తేడా నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

ఖాళీ అయిన ఆ చేతులతో ఏం చేయాలన్నదానికి టీల్ చక్రాల యంత్రమే నాకు జవాబు చూపింది. సగం పండిన ఆలోచనకు నా తెలివి అక్కరలేదు, చోటు కావాలి. మా పనిలో చోటంటే రాత్రిపూట సర్వర్లు, సిమ్యులేషన్ టూల్ లైసెన్సులు. అవి ఎప్పుడూ చాలవు. అసలు ప్రాజెక్టుకే సరిపోనప్పుడు ఎవడి ప్రయోగానికో ఎవరిస్తారు? వారానికి రెండు రాత్రులు కొన్ని లైసెన్సులు ఏ ప్రశ్నా లేకుండా జట్టు సొంత ప్రయోగాలకు ఉండాలని పైవాళ్లతో నాలుగు నెలలు పోట్లాడి సాధించాను. నేను నాయకుడిగా చేసిన పనులన్నిటిలో గర్వపడేది అదొక్కటే, దాని గురించి ఎవరికీ తెలియదు. ఫలితం బాగా వచ్చిన ప్రయోగాన్ని పై సమావేశంలో చేసినవాళ్లే వివరిస్తారు. ఆ రోజు నేను సెలవు పెట్టకపోయినా, ఆ గదిలోకి వెళ్లను.

నాకు తట్టిన పరిష్కారాలను మింగేయడం సాధ్యం కాలేదు. అందుకని ఒక నోటు పుస్తకం కొనుక్కున్నాను. రివ్యూ అయ్యాక, నేనైతే ఎలా చేసేవాడినో అందులో రాసి, తేదీ వేసి, మూసేస్తాను. ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి. నాలుగింటిలో జట్టు నేను రాసినదానికే వచ్చింది, కొంత ఆలస్యంగా. రెండింటిలో నేను రాసినది తప్పని తేలింది. రాత్రికి రాత్రే మెయిల్ పంపి ఉంటే ఎవరూ దాన్ని కాదని ఉండేవారు కారు. మూడింటిలో వాళ్లు నాకు ఎన్నటికీ తట్టని దారి పట్టారు. మిగిలిన రెండూ ఎటూ తేలలేదు.

మొన్న మంగళవారం, జట్టులో అందరికన్నా చిన్నవాడు మళ్లీ ఆ మెమరీ కంట్రోలర్‌నే ఎత్తుకున్నాడు. ఆరేళ్ల క్రితం నేను రాసిన ఆర్బిటర్‌ను పూర్తిగా తీసేయవచ్చంటాడు. అది ఎవరు రాశారో అతనికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. అతని బొమ్మలో ఒక చోట నాకు అనుమానం ఉంది. అడిగాను, "చూస్తానన్నా" అన్నాడు, బొమ్మ తుడపలేదు. సాయంత్రం నోటు పుస్తకంలో పన్నెండో పేజీ రాసి, తేదీ వేసి, సొరుగులో పెట్టాను. అతని రిగ్రెషన్, అంటే మార్పు ఏదీ చెడగొట్టలేదని చూసే పరీక్షల వరుస, నిన్న రాత్రి మొదలైంది. ఇంకా నడుస్తోంది.